యోనా మామ బీడీ మానిన నెల

పోయిన ఎండాకాలం మా సువార్తత్తను ప్రొద్దుటూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు కుర్రవాడు, కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు. కంప్యూటరులో వివరాలు ఎక్కించుకుంటూ, "ఏం పని చేసేవారు పెద్దమ్మా?" అని అడిగాడు. "పనేముంది నాయనా, ఇంటి పనే" అంది అత్త. "పొయ్యి పొగ ఎక్కువా?" అన్నాడు. "అదీ ఉండాది. బీడీ గూడా తాగుతా" అంది, కాఫీ తాగుతా అన్నంత మామూలుగా. ఆయన చేతులు ఆగిపోయాయి. ఎదురుగా తెల్లచీర కట్టుకుని, ఒళ్లో బైబిలు సంచి పెట్టుకుని ఉన్న ముసలామె. "గనుల్లో గానీ, బీడీల పనికి గానీ పోయేవారా?" "లేదు నాయనా." "మరి ఈ అలవాటు ఎట్లా అయింది?" అత్త నా వైపు చూసింది. నేను గోడకు తగిలించిన ఊపిరితిత్తుల బొమ్మ వైపు చూశాను. జవాబు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఇంటికి వచ్చి ఇదిగో, రాయడానికి కూర్చున్నాను. నోటితో చెప్పలేనివి కాగితం మీద పెట్టడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

డాక్టరు తప్పేమీ అడగలేదు. పని తెలిస్తే పొగ తెలుస్తుందని ఆయన పుస్తకాల్లో చదువుకుని ఉంటాడు. మాకు పుస్తకం అక్కర లేకపోయింది. జమ్మలమడుగు నేతగాళ్లు మగ్గం గుంతలో కూర్చున్నంత సేపూ నిప్పు ముట్టేవాళ్లు కాదు. ఒక్క రవ్వ పడితే చీర చీరంతా పోతుంది. పొగాకు కాడ దవడకు పెట్టుకుని పొద్దుగూకిందాకా నేసి, గుంతలో నుంచి లేచాక అరుగుల మీద చేరి వరసగా అంటించేవాళ్లు. ప్రొద్దుటూరు పత్తి మిల్లుల్లో గేటు దగ్గరే జేబులు తడిమి అగ్గిపెట్టెలు తీసుకునేవాళ్లు. సాయంత్రం ఒకడు అగ్గిపుల్ల గీస్తే చాలు, ఒకరి బీడీ నుంచి ఇంకొకరు అంటించుకుంటూ వీధి చివరి దాకా పోయేవాళ్లు. తాలూకాఫీసు గుమాస్తా సగం సిగరెట్టు కాల్చి, ఆర్పి, చెవి మీద పెట్టుకునేవాడు. ఆఫీసరు సగంలోనే పారేసేవాడు. అంగడి శెట్టిగారు అన్ని రకాలూ అమ్మి, తాను మాత్రం నశ్యంతో సరిపెట్టుకునేవాడు. వేముల దిక్కు ముగ్గురాయి గనుల కూలీలయితే బీడీ పొగ గొంతులోని దుమ్మును లాగేస్తుందని నమ్మేవాళ్లు. పులివెందులలో పనిచేసిన కాలంలో మా నాన్న ఆ మాట మీద వాళ్లతో వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్నాడు. ఆ గొంతుకు కూడా బీడీయే మందని వాళ్లు సలహా ఇచ్చారట.

నాపరాళ్ల గనుల్లో మందు పేల్చేవాళ్ల సంగతి వేరు. రాతికి బెజ్జం వేసి, పేలుడు మందు కూరి, వత్తి బయటికి వదులుతారు. ఆ వత్తిని అంటించడానికి అగ్గిపుల్ల పనికిరాదు, గని గాలికి ఆరిపోతుంది. నోట్లో ఎర్రగా కాలుతున్న బీడీ తీసి వత్తికి తగిలించి, అదే బీడీ మళ్లీ నోట్లో పెట్టుకుని పరుగెత్తాలి. మిగతావాళ్లకు బీడీ అలవాటు. వాళ్లకు అది పనిముట్టు. మా అమ్మ తమ్ముడు యోనా మామది ఆ పని. కొండాపురం దారిలో గనికి దగ్గరున్న ఊళ్లో, గని యజమాని వేయించిన కొట్టాల్లో కాపురం. ఆయన పెళ్లామే సువార్తత్త. నాకంటే పదేళ్లు పెద్దది, పిల్లల్లేరు, పాట ఎత్తుకుంటే గుడి కప్పు అదిరేది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ జమ్మలమడుగులో మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లు. నాన్న మిషన్ బడిలో హెడ్మాస్టరు, సంఘంలో పెద్ద, పైగా పొగ, సారాయి మాన్పించే సభకు కార్యదర్శి. ఆయన నల్ల అట్ట పుస్తకంలో మానినవాళ్ల ప్రమాణాలు ఉండేవి. రాసేది నేను, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని. పొద్దున లేస్తే ప్రార్థన, తర్వాత బోరింగు నీళ్లు, తర్వాత కాఫీ, ఈ వరసలో ఒక్కటి తప్పినా ఆ రోజంతా నాన్న ముఖం చూడలేకపోయేవాళ్లం. మామ మా ప్రహరీ గోడలో ఒక రాతి సందున బీడీ కట్ట దోపి, తులసాకు నమిలి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. క్రైస్తవుల ఇంట్లో తులసి చెట్టు ఎందుకమ్మా అని నేను అడిగితే మా అమ్మ, "మీ మామ కోసరమే" అని నవ్వేది. ఎంత నమిలినా ఆయన దగ్గర రాతి దుమ్ము, కొబ్బరినూనె, బీడీ కలిసిన వాసన వచ్చేది. శెనక్కాయల మూట నా ఒళ్లో పెట్టి, "ఏం పాపా, నన్నెప్పుడు రాస్తావు ఆ నల్లబుక్కులో?" అని ఏడిపించేవాడు. "నువ్వు మానినప్పుడు మామా." "నేను మానితే గని మూసేయాల్సిందే." నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. టీచరు ట్రైనింగులో సీటు వచ్చి, చేరడానికి ఎదురుచూస్తున్న నెలలు. ఆ వయసులో లోకాన్ని బాగుచేయడం నా ఒక్కదాని వల్లే అవుతుందని నమ్మకం.

అవి పార్టీల కాలం. మా వైపు పార్టీ అంటే జెండా తర్వాత, మనిషి ముందు. ఎవరి మనిషి నువ్వు అనేదే ప్రశ్న. గని యజమానిని అందరూ అన్న అనేవాళ్లు. గని ఆయనదే, చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఆయనవే, ఊళ్లో సగం మంది ఆయన మనుషులే. మిగిలిన సగం ఎదుటి పార్టీ. మామ ఏ పార్టీ అని ఆయన్ను అడిగినవాళ్లు లేరు. అన్న కొట్టంలో ఉంటున్నాడు కాబట్టి అన్న పార్టీ. ఎలక్షన్లు దగ్గర పడేకొద్దీ జీపులు ఎక్కువయ్యాయి. బస్సుల్లో జనం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. జీపుల్లోని మొనగాళ్లు ఊరంతటి ముఖాన పొగ వదిలేవాళ్లు గానీ, అన్న కనబడితే సిగరెట్టు వీపు వెనక్కి పోయేది. అరచేతిలో కాలినా పారేసేవాళ్లు కాదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మామ గోడ సందు దగ్గర ఆగకుండా నేరుగా లోపలికి వచ్చాడు. తులసాకు నమల్లేదు. "మానేసినా బావా" అన్నాడు నాన్నతో. ఎన్నాళ్లయిందంటే పది దినాలన్నాడు. నాన్న కళ్లల్లో నీళ్లు తిరగడం నేను అప్పుడే చూశాను. మామను గనిలో నుంచి తీసి చీనీ తోటలో కాపలాకు వేశారట, నీడపట్టు పని. మందు పని తప్పింది, బీడీ తప్పింది, ఇంతకంటే దేవుని కృప ఏం కావాలి? నల్లబుక్కు తెచ్చి రాశాను. మరుసటి ఆదివారం సువార్తత్త గుడిలో లేచి సాక్ష్యం చెప్పింది. ఏం చెప్పాలో ముందు రోజు నేనే రాసి నేర్పించాను. "నా భర్తను పొగ నుంచి విడిపించిన దేవునికి స్తోత్రం" అని ఆమె అంటుంటే గొంతు వణికింది. సంతోషం అనుకున్నాను. గుడి గుడంతా స్తోత్రం అంది. కోత పండుగకు బిషపుగారు వస్తారనీ, ఆ రోజు యోనాను ముందర నిలబెడతాననీ నాన్న ప్రకటించాడు.

నా ఊపు అంతటితో ఆగితే బాగుండేది. మా వీధి చివర ఖాదర్ సాబు టీ కొట్టు ఉండేది. ఆయన కూడా ఒకప్పుడు గనిలో మందు పేల్చినవాడే. కుడి చేతికి రెండు వేళ్లు లేవు, నోట్లో బీడీ మాత్రం ఎప్పుడూ ఉండేది. ఒకనాడు నల్లబుక్కు చంకన పెట్టుకుని ఆయన దగ్గరికి పోయి, "మా యోనా మామే మానేసినాడు సాబూ, నువ్వు మానలేవా?" అన్నాను.

ఆయన గ్లాసులు కడుగుతూ, "యోనానా? బీడీనా?" అన్నాడు. "గనికి పోతాండాడా?"

"లేదు. చీనీ తోటలో కాపలా."

"తోటలో యాడ?"

"మోటరు కొట్టం కాడంట."

ఖాదర్ సాబు గ్లాసు కింద పెట్టాడు. అటూ ఇటూ చూసి, నన్ను కొట్టు లోపలికి పిలిచాడు. "పాపా, తోట కాపలావాడు బీడీ ఎందుకు మానల్ల? ఒంటిగా కూర్చునేవానికి బీడీయే తోడు. పత్తి మిల్లులో ఎందుకు తాగనీరు? రవ్వ పడితే అంటుకుంటాది గాబట్టి. ఇప్పుడు మూసిన కొట్టంలో పొడిమందు ముందర పెట్టుకుని కూర్చునే పని ఇంకోటి ఉండాది ఈ సీమలో. ఆ పనికి పోయేవాన్ని బీడీ కాదు, అగ్గిపెట్టె ముట్టుకోనీరు." ఆయన మళ్లీ గ్లాసు అందుకున్నాడు. ఇంక చెప్పనక్కరలేదు. ఎలక్షన్లకు ముందు నాటుబాంబులు ఎక్కడి నుంచి వస్తాయో మా జిల్లాలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఒక్క మాకే, భక్తి ఎక్కువయినవాళ్లకే తెలియలేదు. మనిషి బీడీ మానాడంటే వేరే ఊళ్లో పెళ్లాం సంతోషిస్తుంది, మా ఊళ్లో పెళ్లాం ఏ పనికి కుదిరాడని అడగాలి. మేము స్తోత్రం చేశాం.

మరునాడు శెట్టిగారి అంగడిలో తల వంచుకుని ఒక బీడీ కట్ట, అగ్గిపెట్టె కొని కొండాపురం బస్సెక్కాను. సంఘపెద్ద కూతురు బీడీలు కొన్నదన్న వార్త నాకంటే ముందు ఇంటికి చేరుతుందని తెలుసు, అయినా కొన్నాను. మామ మధ్యాహ్నం సంగటికి ఇంటికి వచ్చి ఉన్నాడు. సువార్తత్త నీళ్లకు పోయింది. ఇంటి వెనక కట్టెల మోపు మీద కూర్చున్న ఆయన చేతిలో కట్ట పెట్టాను.

"ఏంది పాపా ఇది? మీ నాయన చూస్తే ఇద్దర్నీ వెలేస్తాడు" అని నవ్వాడు.

"నవ్వులాట గాదు మామా. నా ఎదురుగా ఒక్కటి తాగు. తాగి, ఇంక ఆ తోటకు పోవద్దు."

ఆయన నవ్వు పోయింది. కట్టను అటూ ఇటూ తిప్పాడు గానీ విప్పలేదు. వేళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. ఇన్నాళ్లూ బీడీ మరకలు ఇంకా పోలేదనుకున్నాను. దగ్గరగా చూస్తే ఆ పచ్చదనం గోళ్ల కింద కూడా ఉంది, గంధకం వాసన వస్తోంది.

"ఎవురు చెప్పినారు?"

"ఎవురైతే ఏం? మానేయ్ మామా. నీకు దండం పెడతా."

"ఆ రాయి ఆయనది. మందు ఆయనది. మేముండే కొట్టం ఆయనది. ఇంక నేనొక్కన్నే నావాన్ని అంటే ఎవురొప్పుకుంటారు పాపా? ఇప్పుడు లేచి వస్తే అన్న నన్ను ఎదుటి పార్టీ అంటాడు. ఎదుటి పార్టీ వాళ్లు రానిస్తారా, అదీ లేదు. మందు కొలత తెలిసినోడివి నువ్వే అని కూర్చోబెట్టినారు. ఎలచ్చన్లు అయిపోతే మళ్లా రాయికాడికి పంపిస్తా అన్నాడు. ఎన్ని దినాలు, కండ్లు మూసి తెరిస్తే అయిపోతాది." కట్టెల మోపు మీద నుంచి లేచి, "మీ నాయనకు చెప్పొద్దు" అన్నాడు. "కోత పండగలో నన్ను ముందర నిలబెడ్తా అన్నాడే, అదొక్కటి కానీ. పుట్టినకాడ్నించి నన్ను ఎవురూ ముందర నిలబెట్టలేదు పాపా."

బీడీ కట్ట నా చేతిలోనే పెట్టి పంపించాడు. బస్సు కిటికీలో నుంచి పారేశాను. నాన్నకు చెప్పలేదు. మామ వద్దన్నాడు కాబట్టే చెప్పలేదని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. అది సగమే నిజం. బిషపుగారి ముందు చదవడానికి మామ సాక్ష్యాన్ని చక్కటి భాషలో రాసిపెట్టుకున్నాను. అది చదివి మెప్పు పొందాలని నాకు ఉంది. పండుగ అయిపోనీ, ఆ సాయంత్రమే నాన్నకు చెబుతాను, నాన్న బిషపుగారికి చెబితే ఆయన మామను కడపలో ఏ హాస్టల్లోనో పనికి పెట్టిస్తారు, అని లెక్క వేసుకున్నాను. ఎనిమిది రోజులు. ఎనిమిది రోజుల్లో ఏమవుతుందిలే అనుకున్నాను.

పండుగకు ముందు రోజు, శనివారం, పట్టపగలు, గుడి వాకిలికి చెరుకు గడలు, బంతిపూలు కడుతున్నాం. కొండాపురం బస్సు దిగిన ఒకాయన నేరుగా నాన్న దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. నాన్న చేతిలోని దారపుండ కింద పడి దొర్లుకుంటూ పోయింది. నేను ఏమయిందని అడగలేదు. అడగాల్సిన పని నాకు లేదు.

మామ బతికాడు. రెండు చేతులూ మణికట్ల వరకు పోయాయి, ఒక కన్ను పోయింది. అదే కొట్టంలో ఉన్న ఇంకొకతను బతకలేదు. గనిలో మందు పేలిందని అన్న మనుషులు రాయించారు. మరునాడు పండుగ ఆగలేదు. గని ప్రమాదంలో గాయపడిన సహోదరుని కోసం బిషపుగారు ప్రార్థన చేశారు. నిజం అప్పటికే ఊరంతా పాకింది. ఇంటికొచ్చి నాన్న నల్లబుక్కులో మామ పేజీ చింపి, చింపిన కాగితాన్ని మళ్లీ మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు. ఆయన కోపం దుఃఖమో, దుఃఖం కోపమో నాకు ఎప్పటికీ తెలియలేదు. ఎలక్షన్లు అయ్యేవరకు అన్న జీపు మామ ఇంటికి వచ్చి పోతుండేది. తర్వాత రావడం మానేసింది.

కట్లు విప్పిన నెలకు అమ్మతో కలిసి నేనూ పోయాను. సువార్తత్త సంగటి ముద్దలు తినిపిస్తోంది. తిన్నాక మామ, "సువార్తా, ఒక బీడీ" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. అత్త పోయి పక్కింట్లో అడిగి తెచ్చింది. ఆయన నోట్లో పెట్టి అగ్గిపుల్ల గీసింది. కాలిన పెదాలు, పీల్చడానికి పట్టు చాలలేదు, బీడీ అంటుకోలేదు. రెండో పుల్ల, మూడో పుల్ల. అప్పుడు ఆమె బీడీని తన నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. దగ్గుతో ఒళ్లంతా కదిలిపోయింది. అంటుకున్న బీడీని తీసి, చీర చెంగుతో తుడిచి, ఆయన నోట్లో పెట్టింది. కాలినంత సేపూ పట్టుకుని కూర్చుంది. ఆ పని నేను చేసి ఉండొచ్చు. నేను చేయాల్సిన పని అది. నేను లేచి గిన్నెలు కడగడానికి పోయాను, ఆ నెలలోనే ట్రైనింగుకు వెళ్లిపోయాను.

అట్లా మొదలయింది. రోజుకు పది, పన్నెండు, ప్రతి ఒక్కటీ ఆమె నోట్లోనే అంటుకోవాలి. రెండేళ్లు తిరిగేసరికి ఆయనకు ఒకటి, తనకు ఒకటి. ఆమె దగ్గర వాసన వస్తోందని సంఘంలో గొడవ లేచింది. పొగతాగే ఆడమనిషి ప్రభు బల్ల దగ్గరికి రాకూడదన్నారు. అన్నది నాన్నే. ఆమె వెనక చాప మీద కూర్చుని, రొట్టె పంచే వేళకు లేచి బయటికి పోయేది. సెలవుల్లో వచ్చిన నేను ముందు వరసలో కూర్చుని అది చూశాను. నాన్న ముందు ఒక్క మాట అనలేదు. అప్పటికే నాకు టీచరమ్మ అని పేరు వచ్చింది.

ఇప్పుడు ఎవరి నోటిని చూసీ ఎవరి పనీ చెప్పలేం. కూలీ, కాంట్రాక్టరు, కాలేజీ కుర్రాడు అందరి చేతిలోనూ ఒకే గుట్కా పొట్లం. గనుల్లో వైర్లు లాగి మీట నొక్కుతున్నారట, బీడీతో పని లేదు. జీపులు పోయి పెద్ద పెద్ద కార్లు వచ్చాయి. నాయకులు ఆరోగ్యం కోసం నడుస్తున్నారు, సిగరెట్టు ముట్టరు. పార్టీ మాత్రం ఇప్పటికీ మనిషే. ఇదంతా మంచికే మారిందని పిల్లలు అంటారు. అవుననే అంటాను. కానీ ఎవరైనా ఫలానా అలవాటు మానేశాడని చెబితే ఈ రోజుకీ నా నోట అభినందన రాదు, ఎందుకు మానాడని అడగబుద్ధి అవుతుంది.

మామ పోయిన రెండేళ్లకు ఆ ఊరు ప్రాజెక్టు నీళ్ల కిందికి పోతుందని ఖాళీ చేయించారు. సామాను సర్దడానికి నేను పోయాను. వాసాలు కూడా పీకి ట్రాక్టరుకు ఎత్తేశారు, కప్పు లేని ఇంట్లో ఎండ పడుతోంది. అత్త గోడకు ఆనుకుని బీడీ అంటించింది. రిటైరయిన టీచరమ్మను, మనవరాలున్నదాన్ని, అయినా చిన్నపిల్లలా ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. "అత్తా, నాకు ముందే తెలుసు" అన్నాను. "మామ తోటలో ఏం చేస్తాండాడో పండక్కు ఎనిమిది దినాల ముందే తెలుసు. ఎవరికీ చెప్పలేదు."

ఆమె ఆశ్చర్యపోలేదు. పొగ వదిలి, "నాకు నీకంటే ముందే తెలుసు పాపా" అంది. "చొక్కా ఉతికేదాన్ని నేనే గదా. బీడీ వాసన పోయి మందు వాసన వచ్చె."

"మరి గుళ్లో ఎందుకు సాక్ష్యం చెప్పినావు?"

"ఏమని అడగల్ల? మా ఆయన బాంబులు కడతాండాడు, ప్రార్థన చేయండి అని అడగల్లా? బీడీ పేరు చెప్తే ఆయప్ప పేరన్నా దేవుని చెవిలో పడతాదిలే అనుకుంటి. గుడంతా ప్రార్థన చేసె. బీడీ మాన్పించినందుకు స్తోత్రం అనె. శానా సేపు చేసిరి పాపా. ఒక్కరన్నా ఆయప్ప చేతులు కాపాడు దేవా అంటారేమో అని చివరిదాకా చూస్తి."